కప్పు అన్నం ఎన్ని గ్రాములు?

ప్రశ్న: మా మామయ్యగారికి డెబ్భై ఏళ్ళు. ఈమధ్య షుగర్ పెరిగిందని డాక్టరుగారు డైటీషియన్ దగ్గరికి పంపారు. ఆవిడ రాసిచ్చిన చీటీలో ఇంగ్లీషులో "రైస్ – మధ్యాహ్నం 150 గ్రా., రాత్రి 100 గ్రా." అని ఉంది. మా ఇంట్లో త్రాసు లేదు. ఫోన్లో వెతికితే కప్పు అన్నం ఒకచోట 158 గ్రాములన్నారు, ఒకచోట 186, ఇంకోచోట 200. డాలస్‌లో ఉండే మా ఆడపడుచు "ఒక కప్పు పెట్టు వదినా, సరిపోతుంది" అంటుంది. ఏ కప్పో చెప్పదు. మా అత్తగారేమో "నాకు ఇత్తడి సోల తప్ప ఇంకో కొలత తెలీదు" అని తేల్చేశారు. ఇంతకీ కప్పు అన్నం ఎన్ని గ్రాములు? ఇంకొక్కటి: వచ్చే నెల మా బాబు అన్నప్రాసన. నలభై మందికి పులిహోర కలపాలంటే ఎన్ని బియ్యం పోయాలి?
– ఒక కోడలు, తణుకు

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం వచ్చేసరికి మా ఇంట్లో అప్పుడే కుక్కర్ దింపాను. చదివి పక్కన పెట్టి, 240 మిల్లీలీటర్ల కొలత కప్పు ఒకటి, త్రాసు ఒకటి వంటగట్టు మీద పెట్టుకున్నాను. అన్నాన్ని వడ్డించే హస్తంతో తీసి, విదిల్చి, కప్పులోకి జారవిడిచి పైన చదును చేస్తే 161 గ్రాములు తూగింది. రోజూ వడ్డించేటప్పుడు పెట్టినట్టు కాస్త అదిమి నింపితే 194. ఈలోగా మా మనవడు వచ్చి "ఇంకా పడుతుంది అమ్మమ్మా" అంటూ గరిటె వెనకవైపుతో కుక్కి కుక్కి నింపాడు. 232! అదే గిన్నె, అదే అన్నం, అదే కప్పు.

కాబట్టి కప్పు అన్నం ఎన్ని గ్రాములని ఎవరైనా అడిగితే, ఆ కప్పు ఎవరు నింపారమ్మా అని ఎదురు అడగాలి. మీకు ఫోన్లో దొరికిన అంకెలు అబద్ధాలు కావు. 158, 186 రెండూ అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల్లోవే. పొడుగు గింజ తెల్లబియ్యం వండితే కప్పుకు 158 గ్రాములనీ, మధ్యస్థం గింజా పొట్టి గింజా అయితే 186 అనీ వాళ్ళ లెక్క. పొడుగు గింజ పొడిపొడిగా ఉంటుంది, మధ్య మధ్య గాలి ఎక్కువ. పొట్టి గింజ అంటుకుని ముద్దగా కూర్చుంటుంది, గాలి తక్కువ. మనం తినే సన్నబియ్యం ఈ రెండు గళ్ళలో దేనిలోనూ కుదురుగా ఇమడవు. పైగా మీరు ఎసరు ఎంత పెడతారో, అన్నం మెత్తగా దించుతారో పలుకుగా దించుతారో వాళ్ళకేం తెలుసు? 200 అన్నవాళ్ళు మెత్తటి అన్నం అదిమి తూచి ఉంటారని నా ఊహ.

కప్పుల గొడవ ఇంకొకటి ఉంది. మీ ఆడపడుచు కప్పు 240 మిల్లీలీటర్లది అయ్యుంటుంది. ఇక్కడ బజార్లో దొరికే కొలత కప్పుల్లో 250వి కూడా ఉన్నాయి. ఎలక్ట్రిక్ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పు చాలావాటిలో 180. అది జపాన్ వాళ్ళ పాత కొలత, నిండా బియ్యం పోస్తే 150 గ్రాములు పడుతుంది. ఇక మనిళ్ళలో కప్పంటే టీ తాగేదీ కప్పే, పెరుగు తోడేసేదీ కప్పే. మీ దగ్గరున్నది ఎంత కప్పో తెలుసుకోవాలంటే దాని నిండా నీళ్ళు పోసి తూచండి. నీళ్ళు ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని మిల్లీలీటర్ల కప్పు. ఈ సంగతి ఒక్కటి గుర్తుంటే ఏ గిన్నె వచ్చినా బెంగ ఉండదు.

ఇవన్నీ ఒక ఎత్తు, మీ చీటీలో ఉన్న ‘రైస్’ అనే మాట ఒక్కటీ ఒక ఎత్తు.

మనకు బియ్యం వేరు, అన్నం వేరు. పొయ్యి ఎక్కకముందు బియ్యం, దిగాక అన్నం. ఇంగ్లీషులో రెండూ రైసే. 150 గ్రాములు అన్నమా, బియ్యమా? ఆవిడ అన్నాన్నే ఉద్దేశించి రాశారని నాకు దాదాపు నమ్మకం. కానీ ఫోన్ చేసి అడగండి, ఊహించవద్దు. ఎందుకంటే మన ఆహార పట్టికలు చాలావరకు బియ్యం తూకం మీదే నడుస్తాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికల్లో ఉండేది బియ్యం లెక్కే, అన్నం లెక్క కాదు. వంద గ్రాముల తెల్లబియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములుంటుందని ఆ పట్టిక చెబుతుంది. 150 గ్రాముల బియ్యం వండితే ఇంచుమించు 450 గ్రాముల అన్నం ఔతుంది. అందులో పిండిపదార్థం 117 గ్రాములు. అదే 150 గ్రాముల అన్నమైతే దాని వెనక ఉన్న బియ్యం 50 గ్రాములే, పిండిపదార్థం 39. కప్పు నింపడంలో వచ్చే తేడా ముప్ఫై నుంచి డెబ్భై గ్రాములు. ఈ ఒక్క మాట తప్పుగా అర్థం చేసుకుంటే వచ్చేది మూడింతల తేడా.

బియ్యానికి మూడింతలు అన్నం అని గుడ్డిలెక్కగా అన్నాను. అది మీ ఇంట్లో ఎంతో మీరే తేల్చుకోవాలి, ఒక్క పూట పని. అన్నం బరువెక్కేది నీళ్ళతో. పోసిన బియ్యం, పెట్టిన ఎసరు కలిపి, అందులోంచి ఆవిరైపోయింది తీసేస్తే మిగిలిందే అన్నం తూకం. పిండిపదార్థం మాత్రం బియ్యంలో ఎంతుందో అంతే, నీళ్ళు దాన్ని పెంచవు. అందుకే మెత్తటి అన్నం 150 గ్రాములు పెడితే అందులో నీళ్ళు ఎక్కువ, బియ్యం తక్కువ. పలుకుగా ఉన్న అన్నం 150 గ్రాములు పెడితే బియ్యం ఎక్కువ. తూకం ఒకటే అయినా కడుపులోకి పోయేది ఒకటి కాదు.

మొన్న ఇలా చేశాను. కుక్కర్ లోపలి గిన్నె ఖాళీగా 412 గ్రాములుంది. అందులో బాపట్ల సన్నాలు 300 గ్రాములు పోసి (అదే, 1986లో బాపట్లలో విడుదలైన 5204 రకం. బజార్లో దాన్నే సోనా మసూరి అని కూడా అమ్ముతుంటారు), కడిగి, ఎప్పుడూ పెట్టే ఎసరు పెట్టి వండాను. దించాక గిన్నెతో సహా తూచితే 1,306. గిన్నె బరువు తీసేస్తే అన్నం 894 గ్రాములు. 894ని 300తో భాగిస్తే 2.98, అంటే మూడింతలనుకోవచ్చు. ఇంకోరోజు ఫ్రైడ్ రైస్ కోసం బాస్మతి 300 గ్రాములు గంజి వార్చి వండితే అన్నం 768 గ్రాములే వచ్చింది, రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ. ఆ బాస్మతి అన్నం 150 గ్రాములు పెడితే దాని వెనక 59 గ్రాముల బియ్యం ఉన్నట్టు. గంజితో కొంత పోయిందనుకున్నా మన సన్నాల అన్నం కంటే ఎక్కువే.

పాత బియ్యం బాగా ఒదుగుతాయని పెద్దవాళ్ళు అంటారు కదా, బియ్యం ఎన్ని రెట్ల అన్నమౌతుందో చెప్పే ఈ అంకె ఆ ఒదుగే. పాతవి ఎసరు ఎక్కువ తాగుతాయి, కిలోకు అన్నం ఎక్కువౌతుంది. కొత్త బియ్యానికి అంత ఎసరు పెడితే ముద్దై కూర్చుంటుంది. కాబట్టి బస్తా మారినప్పుడల్లా ఒకసారి తూచుకోవాలి. బస్తా మధ్యలో అక్కర్లేదు, మీరూ మీ అత్తగారూ ఎసరు ఒకేలా పెడితే చాలు.

త్రాసు కొనండి. ఐదు కిలోల దాకా తూచే వంటింటి డిజిటల్ త్రాసు కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. పొయ్యి మీంచి దించిన గిన్నె నేరుగా దాని మీద పెట్టకండి, పాడైపోతుంది. ఒక చెక్కపలక వేసి, ‘టేర్’ మీట నొక్కి సున్నా చేసుకుని, ఆ పలక మీద గిన్నె పెట్టండి. కొనేలోపు ఆగలేకపోతే ఒక ఖాళీ టిఫిన్ డబ్బా, అన్నం నింపిన అలాంటిదే ఇంకో డబ్బా పట్టుకుని సందు చివర కిరాణా కొట్టుకు వెళ్ళండి. రెండూ తూచి పెడతారు. అన్నం తూయించుకోవడానికి వచ్చారేంటని ఒకసారి నవ్వుతారు, అంతే.

ఇప్పుడు మీ అత్తగారి సోల దగ్గరికి వస్తాను. మీ ఉత్తరంలో ఉన్న కొలతలన్నిటిలో నాకు నమ్మకం కుదిరింది దాని మీదే.

మా అమ్మమ్మ వాళ్ళ సోల ఒకటి మా ఇంట్లో ఉంది, అంచు ఒకపక్క సొట్ట. దాన్ని మూడుసార్లు బియ్యంతో నింపి, పైన అరచేత్తో చదును చేసి, మూడుసార్లు తూచాను. 306, 310, 308. పొద్దున అదే చేత్తో అన్నం నింపితే 161 నుంచి 194కు పోయింది, బియ్యం మాత్రం నాలుగు గ్రాముల లోపు నిలబడింది. ఎండుగింజలు కదా, ఎలా పోసినా దాదాపు ఒకేలా సర్దుకుంటాయి. లీటరు కొలతలో బియ్యం ఎప్పుడు పోసినా 800 గ్రాముల దగ్గర్లోనే తూగుతుంది. అన్నానికి ఆ గుణం లేదు, అదిమితే అణుగుతుంది, విదిలిస్తే పొంగుతుంది. మన పాతవాళ్ళు గిద్దె, సోల, తవ్వ, మానిక, కుంచం అని ఇన్ని పాత్రలు పెట్టుకుని బియ్యం కొలిచారు గానీ, అన్నం ఎవరైనా కొలిచి పెట్టారా? వడ్డించడమే. ఊరికో సోల ఉండేది కాబట్టి మీ ఇంటి సోల ఎంతో మీరే తూచుకోవాలి. గోపురం కట్టకుండా చదునుగా పోసి తూచండి.

సోల తూకం తెలిశాక త్రాసు లేకుండానే లెక్క నడుస్తుంది. ఉదాహరణకు మధ్యాహ్నం ఇంటిల్లిపాదికీ కలిపి 400 గ్రాముల బియ్యం పోశారనుకుందాం. మామయ్యగారి వాటా 50 గ్రాముల బియ్యం, అంటే గిన్నెలో ఎనిమిదో వంతు. ఆ రోజు ఎసరు ఎక్కువై అన్నం మెత్తబడినా, తక్కువై పలుకైనా ఎనిమిదో వంతు ఎనిమిదో వంతే. తూకం మారుతుంది, వాటా మారదు. గిన్నెలో అన్నం పైన చదును చేసి, హస్తం అంచుతో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, ఐమూలగా రెండు గీస్తే ఎనిమిది ముక్కలు. డైటీషియన్‌గారిని కూడా "అన్నం 150 గ్రాములంటే బియ్యం 50 గ్రాముల లెక్కేనా?" అని అడిగి ఖాయం చేసుకోండి. అన్నం తూకం కన్నా బియ్యం తూకం పట్టుకుంటే మీకూ ఆవిడకూ తేలిక.

ఇంకో విషయం, ఇది లెక్క కాదు గానీ లెక్కంత ముఖ్యం. పెద్దాయన కంచం పక్కన త్రాసు పెట్టకండి. మా ఇంట్లోనే ఒకప్పుడు ఆ పని చేసి మాట పడ్డాం. "బంగారం తూచినట్టు తూస్తున్నారే, నేనేం అరువు తెచ్చుకుని తింటున్నానా" అని కంచంలో చెయ్యి కడిగేసుకున్నారాయన. తూకం వంటింట్లో, ఒక్కసారి, ఆయన చూడకుండా అయిపోవాలి.

మన భోజనం తీరు కూడా చూడండి. మనం అన్నం అంతా ఒకేసారి పెట్టుకుని తినేవాళ్ళం కాదు. పప్పులోకి కొంత, కూరలోకి కొంత, చారులోకి కొంత, ఆఖర్న మజ్జిగలోకి నాలుగు మెతుకులు. 150 గ్రాముల ముద్ద ఒక్కసారిగా కంచంలో బోర్లిస్తే చారు వచ్చేసరికి అన్నం ఉండదు, మారు అడుగుతారు, మీ అత్తగారు పెట్టేస్తారు. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపేవాళ్ళెవరు? అందుకని హస్తం మార్చండి. ఇంట్లో ఉన్న గరిటెల్లో చిన్నదేదో ఒకటి తీసి, రోజూ వడ్డించే పద్ధతిలోనే పది గరిటెల అన్నం ఒక పళ్ళెంలో పెట్టి తూచండి, పదితో భాగించండి. ఒక్క గరిటె తూచి నమ్మితే తప్పౌతుంది, పది తూచితే హెచ్చుతగ్గులు సర్దుకుంటాయి. గరిటెకు 50 గ్రాములు వచ్చే గరిటె దొరికేదాకా చూడండి. అప్పుడు మధ్యాహ్నం మూడు గరిటెలు: కూరలోకి ఒకటి, చారులోకి ఒకటి, మజ్జిగలోకి ఒకటి. రాత్రికి రెండు. గ్రాముల సంగతి మీ అత్తగారికి చెప్పనే అక్కర్లేదు, "మామయ్యగారికి ఈ గరిటెతో మూడు" అంటే చాలు. కూరా పప్పూ కాస్త ఎక్కువ పెడితే కంచం బోసిగా కనిపించదు.

ఇప్పటిదాకా ఆయన ఎంత తింటున్నారో కూడా ఒక రోజు గుట్టుగా తూచి చూడండి. 400 గ్రాముల దగ్గర తినే మనిషిని ఒక్కరోజులో 150కి దించితే, వాడే మాత్రలూ ఇన్సులినూ పాత తిండికి తగ్గట్టు ఉన్నవైతే షుగర్ మరీ పడిపోయే ప్రమాదముంది. ముందు ఎంత తినేవారో, ఇప్పుడు ఎంత పెడుతున్నారో డాక్టరుగారికి చెప్పండి, మందు సర్దేది వాళ్ళే.

చిల్లర సందేహాలు రావచ్చు. పెరుగన్నమైతే పెరుగు కలపకముందు తూచాలి, చద్దన్నమైతే నీళ్ళు పోయకముందు. వేడన్నం చల్లారితే ఆవిరి పోయి కొన్ని గ్రాములు తగ్గుతుంది, దాన్ని పట్టించుకోకండి. కొర్రన్నం, సామన్నం ఒదుగు వేరు, వాటికి విడిగా తూచుకోవాలి. గ్లైసీమిక్ సూచిక (తిన్నాక రక్తంలో షుగర్ ఎంత త్వరగా పెరుగుతుందో చెప్పే అంకె) తక్కువని పేరున్న తెలంగాణ సోనా లాంటి బియ్యం తెచ్చినా గరిటెల లెక్క సడలించవద్దు. బియ్యం మంచిదని మారు పెట్టించుకుంటే ఆ మంచి కాస్తా మారుతోనే పోతుంది.

బియ్యం డబ్బా మూతకు లోపలివైపు ఒక చీటీ అంటించండి: సోలకు ఇన్ని గ్రాములు, ఒదుగు ఇన్ని రెట్లు, మామయ్యగారి గరిటె ఇన్ని గ్రాములు, బస్తా విప్పిన తేదీ. మీరు పుట్టింటికి వెళ్ళినా వంటింట్లో లెక్క ఆగదు.

ఇక పులిహోర. అన్నప్రాసన భోజనంలో పప్పు, కూర, తెల్లన్నం అన్నీ ఉండి పులిహోర ఒక వంటకమైతే మనిషికి 50 గ్రాముల బియ్యం వేసుకోండి. నలభై మందికి రెండు కిలోలు, మిగిలినా ఫరవాలేదనుకుంటే రెండున్నర. పులిహోరే ప్రధానంగా, పక్కన దద్దోజనమో వడో పెట్టి సరిపెట్టేస్తే మనిషికి వంద గ్రాములు, నాలుగు కిలోలు. పులిహోరకు ఎసరు తగ్గిస్తాం కాబట్టి ఇక్కడ మూడింతలు రాదు, రెండున్నర రెట్లే చూసుకోవాలి. రెండున్నర కిలోల బియ్యానికి ఆరు కిలోల పైచిలుకు అన్నం. పొడిపొడిగా ఉన్న అన్నం లీటరు పాత్రలో 650 గ్రాముల దగ్గరే పడుతుంది, అంటే మీ అన్నం పది లీటర్ల చోటు తింటుంది. పది లీటర్ల బేసిన్ తెచ్చుకుంటే అంచుదాకా నిండిపోయి, చింతపండు గుజ్జూ పోపూ వేశాక చెయ్యి పెట్టి కలపడానికి వీలుండదు. వెడల్పుగా ఉండే పదిహేను లీటర్లది అడిగి తెచ్చుకోండి.